వైఫై డ్యాష్‌క్యామ్: గోప్యత, భద్రత, దృశ్య నాణ్యత

వైఫై డ్యాష్‌క్యామ్ వాహనం ముందు అద్దానికి లోపలి వైపు అమర్చే చిన్న వీడియో కెమెరా. బండి నడుస్తున్నంతసేపూ ఎదుటి దారిని చిత్రీకరించి మెమరీ కార్డులో భద్రపరుస్తుంది. కావలసినప్పుడు ఆ వీడియోను తీగ అవసరం లేకుండా ఫోనుకు పంపుతుంది. ప్రమాదంలో తప్పెవరిదో తేల్చడానికి, బీమా పరిహారం కోరడానికి, గుద్ది పారిపోయిన బండిని గుర్తించడానికి దీన్ని ఎక్కువగా వాడతారు.

ఈ పరికరం చుట్టూ మూడు చర్చలు నడుస్తున్నాయి. అది పట్టిన దృశ్యాలు ఎవరివి, ఎవరి చేతికి చేరుతున్నాయి అన్నది గోప్యత. పరాయివాళ్లు దానిలోకి చొరబడగలరా అన్నది భద్రత. అవసరం పడినరోజు ఆ వీడియో పనికొస్తుందా అన్నది నాణ్యత. ఈ మూడింటినీ విడదీసి చూడడం కష్టం. నంబరు ప్లేటును స్పష్టంగా పట్టే కెమెరా రోడ్డు దాటే మనిషి ముఖాన్నీ అంతే స్పష్టంగా పడుతుంది. యజమానికి పని తేలిక చేసే వైఫై, సరిగ్గా అమర్చుకోకపోతే పక్క బండిలోని వ్యక్తికీ అందుబాటులోకి వస్తుంది.

చరిత్ర

కదిలే బండి ముందు నుంచి వీధిని చిత్రీకరించిన తొలినాటి ప్రయత్నాల్లో విలియం హార్బెక్ 1907లో కెనడాలోని వాంకూవర్‌లో ట్రాము మీద నుంచి తీసిన చిత్రం ఒకటి. అది ప్రదర్శన కోసం తీసిన సినిమా. బండిలోని కెమెరాను సాక్ష్యం కోసం వాడడం అమెరికా పోలీసు కార్లతో, వీడియో టేపుల కాలంలో స్థిరపడింది.

సామాన్యుల కార్లలోకి ఈ కెమెరా పెద్దయెత్తున ప్రవేశించింది రష్యాలో. కావాలని గుద్దించుకుని పరిహారం గుంజే మోసాలు, ప్రమాదం తర్వాత మాట మార్చే ధోరణి అక్కడి డ్రైవర్లను ఆ వైపు నడిపాయి. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ నగరంపై సుమారు 20 మీటర్ల అడ్డుకొలత గల ఉల్క పేలినప్పుడు దాదాపు 1,500 మంది గాయపడ్డారు. ఆ ఉదయం రోడ్ల మీదున్న కార్ల కెమెరాలు ఉల్కను వేర్వేరు కోణాల నుంచి పట్టాయి. శాస్త్రజ్ఞులు అలాంటి వీడియోల సాయంతో దాని మార్గాన్ని లెక్కకట్టారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా విమానం వంతెనను రాసుకుంటూ నదిలో కూలిన క్షణాలను ప్రపంచం చూసింది కూడా డ్యాష్‌క్యామ్ వల్లే. దక్షిణ కొరియాలో ఈ పరికరాన్ని బ్లాక్ బాక్స్ అనే పిలుస్తారు.

తొలి తరం కెమెరాల్లో వీడియో చూడాలంటే కార్డు తీసి కంప్యూటరుకు పెట్టుకోవాల్సి వచ్చేది. స్మార్ట్‌ఫోన్లు వ్యాపించాక, 2010 దశకంలో, కెమెరాలోనే వైఫై చేరింది. భారత్‌లో కొన్ని కార్లకు డ్యాష్‌క్యామ్ కంపెనీ నుంచే వస్తోంది. 2023లో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్ అందుకు ఉదాహరణ.

రకాలు

ముందు వైపు మాత్రమే చూసేవి, ముందు వెనుకలు చూసేవి, బండి లోపలి భాగాన్ని కూడా పట్టేవి అని మూడు విధాలు. మూడో రకం ట్యాక్సీలలో ఎక్కువ. అనుసంధానాన్ని బట్టి మరో విభజన ఉంది. కొన్ని సొంత వైఫైతో దగ్గరలోని ఫోనుతోనే మాట్లాడతాయి. కొన్ని సిమ్ కార్డు ద్వారానో, బండిలోని హాట్‌స్పాట్ ద్వారానో వీడియోను కంపెనీ సర్వర్లకు, అంటే క్లౌడ్‌కు పంపుతాయి. గోప్యత విషయంలో రెండో విభజనే ముఖ్యం. మొదటి రకంలో ముప్పు కొద్ది మీటర్ల దూరానికి పరిమితం. రెండో రకంలో దానికి దూరం అన్నదే ఉండదు.

పనిచేసే తీరు

కటకం గుండా వచ్చిన కాంతిని సెన్సర్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. లోపలి చిప్ దాన్ని కుదించి, ఒకటి నుంచి ఐదు నిమిషాల నిడివి గల ఫైళ్లుగా కార్డులో రాస్తుంది. కార్డు నిండితే పాత ఫైళ్లను చెరిపి కొత్తవి రాస్తుంది. దీన్ని లూప్ రికార్డింగ్ అంటారు. కుదుపును పసిగట్టే జి-సెన్సర్ గట్టి దెబ్బ తగలగానే ఆ ఫైలు చెరగకుండా తాళం వేస్తుంది. జీపీఎస్ ఉన్న నమూనాలు వేగాన్ని, అక్షాంశ రేఖాంశాలను వీడియోతో పాటు నమోదు చేస్తాయి.

వైఫై భాగం ఇలా పనిచేస్తుంది. కెమెరా తానే ఒక చిన్న హాట్‌స్పాట్‌గా మారుతుంది. ఫోను దానికి తగులుకుని, యాప్ ద్వారా వీడియో చూపించమనో ఫైలు పంపమనో అడుగుతుంది. ఆ హాట్‌స్పాట్ వెనుక ఇంటర్నెట్ ఉండదు. అందుకే "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు" అని ఫోను హెచ్చరిస్తుంది. కెమెరా పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే.

రికార్డింగు వైఫై మీద ఆధారపడదు. వైఫై పూర్తిగా ఆపేసినా రికార్డింగు ఆగదు. కొనుగోలుదారులు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇది.

దృశ్య నాణ్యత

పెట్టె మీద ముద్రించే 1080పీ, 1440పీ, 4కే అన్నవి ఒక్కో చట్రంలోని (ఫ్రేములోని) చుక్కల సంఖ్యను, అంటే పిక్సెళ్లను తెలుపుతాయి. 1080పీలో సుమారు 20 లక్షలు, 1440పీలో 37 లక్షలు, 4కేలో 83 లక్షలు. సెన్సర్ సామర్థ్యం తక్కువగా ఉన్నా, చిప్‌లో బొమ్మను సాగదీసి 4కే ఫైలుగా రాసే చవక నమూనాలు మార్కెట్లో ఉన్నాయి. ఫైలు పెద్దదవుతుంది, వివరం మాత్రం పెరగదు. అందువల్ల సెన్సర్ పేరు చూడడం మేలు. ఉదాహరణకు సోనీ ఐఎంఎక్స్307 సెన్సర్ 20 లక్షల పిక్సెళ్లది, ఐఎంఎక్స్335 50 లక్షలది, ఐఎంఎక్స్415 80 లక్షలకు పైబడినది. మొదటి రెండింటిలో దేనితోనూ నిజమైన 4కే రాదు.

నంబరు ప్లేటు లెక్క

నాణ్యతకు అసలు పరీక్ష నంబరు ప్లేటు. భారత్‌లో కార్ల పొడవాటి ప్లేటు వెడల్పు 500 మిల్లీమీటర్లు, అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. 120 డిగ్రీల వెడల్పు చూసే కటకంతో 1080పీలో చిత్రీకరిస్తే, 10 మీటర్ల దూరంలోని ప్లేటుకు దక్కేది, కటకం వంపును బట్టి, సుమారు 30 నుంచి 45 పిక్సెళ్ల వెడల్పు. అక్షరం ఎత్తుకు దక్కేది నాలుగు నుంచి ఆరు పిక్సెళ్లు. అన్నీ అనుకూలిస్తేనే అది చదవడానికి వీలవుతుంది. అసలైన 4కేలో ఈ అంకెలు రెట్టింపవుతాయి. వెడల్పు కోణం ఎంత పెరిగితే ప్లేటు అంత చిన్నదవుతుంది. 170 డిగ్రీల కటకాన్ని గొప్పగా చెప్పే ప్రకటనలు ఈ సంగతి చెప్పవు.

వేగం మరో అడ్డంకి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు అయినా, ముందు వెళ్లే కారుకూ మన కారుకూ మధ్య వేగంలో తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి దాని ప్లేటు నిలకడగా పడుతుంది. చిక్కంతా మధ్యలో డివైడర్ లేని రెండు వరుసల రోడ్ల మీద. ఇరువైపులా 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండ్లు సెకనుకు 33 మీటర్లకు పైగా దగ్గరవుతాయి. ఎదుటి బండి ప్లేటు చదవగలిగేంత పెద్దదిగా కనబడడం 10 మీటర్ల దగ్గర మొదలై, 3 మీటర్ల దగ్గర అది చట్రం దాటిపోతుందనుకుంటే, మధ్యలో దొరికేది సెకనులో అయిదో వంతు. సెకనుకు 30 చట్రాలు తీసే కెమెరాకు అందులో దక్కేవి ఆరు. వాటిలోనూ చివరివి పక్కకు జారుతూ చెదిరిపోతాయి. తెలుగు రాష్ట్రాల జిల్లా రోడ్లపై గుద్ది పారిపోయిన బండి నంబరు వీడియోలో దొరకకపోతే, చాలాసార్లు కారణం ఇదే.

రాత్రి దృశ్యం

వెలుతురు తగ్గేకొద్దీ కెమెరా ఒక్కో చట్రానికి ఎక్కువ సేపు కాంతిని పోగుచేసుకోవాలి. ఆ వ్యవధిలో కదిలిన ప్రతిదీ చెదురుతుంది. దీనికి తోడు 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేట్ల ఉపరితలం కాంతిని వచ్చిన వైపే తిప్పి కొడుతుంది. మన హెడ్‌లైటు పడగానే ప్లేటు తెల్లటి మచ్చగా మారి అంకెలు మాయమవుతాయి. చీకటి, వెలుగు భాగాలను విడివిడిగా సర్దే హెచ్‌డీఆర్ సదుపాయం దీన్ని కొంత తగ్గిస్తుంది. కెమెరా వెలుగు అమరికను ఒక మెట్టు తగ్గించుకున్నా ఉపయోగం ఉంటుంది.

మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్‌ది. దానితో వెలిగే ఎల్ఈడీ దీపాలు చాలావరకు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరాలో ఈ మినుకును సరిదిద్దే అమరిక 60 హెర్ట్జ్‌గా ఉండిపోతే వీడియోలో దీపాలు కొట్టుకుంటూ కనిపిస్తాయి. కొన్ని చట్రాల్లో సిగ్నల్ లైటు ఆరిపోయినట్టూ పడవచ్చు. ఎర్రలైటు వెలిగి ఉందా లేదా అన్నదే వివాదమైనచోట ఈ చిన్న అమరిక పెద్ద తేడా తెస్తుంది.

బిట్ రేటు, కార్డు, ఎండ

పిక్సెళ్లు ఎన్ని ఉన్నా, సెకనుకు ఎంత సమాచారం రాస్తున్నదన్నదే చివరికి వివరాన్ని నిలబెడుతుంది. సెకనుకు 16 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు 7.2 గిగాబైట్లు అవుతుంది. 60 మెగాబిట్ల 4కేలో గంటకు 27 గిగాబైట్లు, అంటే 128 గిగాబైట్ల కార్డు అయిదు గంటల లోపే నిండుతుంది. హెచ్.265 కుదింపు పద్ధతిలో అదే నాణ్యత తక్కువ చోటులో ఇముడుతుంది, కానీ పాత ఫోన్లలో, కంప్యూటర్లలో అది ఆడకపోవచ్చు. పదేపదే రాసి చెరిపే పనికి మామూలు కార్డులు త్వరగా అరిగిపోతాయి. ఇందుకోసమే తయారైన హై ఎండ్యూరెన్స్ కార్డులు వాడాలి.

మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఎండలో నిలిపిన కారులో అద్దం దగ్గరి వేడి బయటి వేడిని బాగా మించిపోతుంది. కెమెరాలోని లిథియం బ్యాటరీ ఆ వేడికి ఉబ్బవచ్చు. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ వాడే నమూనాలు మన వాతావరణానికి తగినవి.

ఫోను తెర మీద కనిపించేది

యాప్‌లో ప్రత్యక్షంగా కనిపించే బొమ్మ కార్డులో రికార్డయ్యే బొమ్మ కాదు. వైఫై మీద అంతరాయం లేకుండా పంపడానికి కెమెరా విడిగా ఒక తక్కువ స్పష్టత గల ప్రవాహాన్ని తయారుచేస్తుంది. దాన్ని చూసి కెమెరా మంచిదనో చెడ్డదనో తేల్చడం పొరపాటు. అసలు ఫైలును దింపుకోవడానికి సమయం పడుతుంది. 28 మెగాబిట్ల రేటుతో తీసిన ఒక్క నిమిషం వీడియో 210 మెగాబైట్లు. సెకనుకు 3 మెగాబైట్లు అందించే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో అది ఫోనుకు చేరడానికి 70 సెకన్లు కావాలి. 5 గిగాహెర్ట్జ్ ఉన్న కెమెరాలు ఇంకా వేగంగా పంపుతాయి. ఆ తరంగాల వాడకంపై లైసెన్సు షరతులను భారత్ 2018లో విస్తృతంగా సడలించింది. దింపిన వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే మళ్లీ కుదించుకుపోతుంది, కష్టపడి పట్టిన ప్లేటు అక్కడ పోతుంది. డాక్యుమెంట్‌గా జతచేసి పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది.

భద్రత

హాట్‌స్పాట్, పాస్‌వర్డ్

వైఫై రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2 ప్రకారం పాస్‌వర్డ్‌కు కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. అనేక కెమెరాలు 12345678తో అమ్మకానికి వచ్చేది అందుకే. మార్చమని అడిగే యాప్‌లు కొన్నే. దానికి తోడు నెట్‌వర్క్ పేరులో కంపెనీ, నమూనా సంఖ్య బహిరంగంగా ప్రసారమవుతాయి. ఆ పేరుతో వెతికితే తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ ఎవరికైనా దొరుకుతుంది. చాలా నమూనాల్లో నెట్‌వర్క్‌లోకి వచ్చినవారిని కెమెరా మళ్లీ ఏమీ అడగదు. వీడియోలు చూడవచ్చు, దింపుకోవచ్చు, చెరిపేయవచ్చు.

కారు బయట కొద్ది మీటర్ల వరకు ఈ సంకేతం అందుతుంది. పార్కింగులో, సిగ్నల్ దగ్గర, టోల్ వరుసలో అది చాలు. 2025లో సింగపూర్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ ఆసియా సదస్సులో పరిశోధకులు, కారులోంచే ఆర్డరిచ్చి ఆహారం తీసుకునే వరుసలో ఆగి ఉన్న సమయంలోనే పరాయి డ్యాష్‌క్యామ్‌లోకి ప్రవేశించి సమాచారం తీసుకోవడం సాధ్యమని వివరించారు. తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌లను మార్చకుండా వదిలేసే నిర్లక్ష్యం ఎంత దూరం పోగలదో 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ చూపింది. అది అలాంటి పాస్‌వర్డ్‌లతోనే లక్షలాది కెమెరాలను, రికార్డర్లను వశం చేసుకుని ఇంటర్నెట్ సేవలపై దాడికి వాడింది.

పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోవడం, నెట్‌వర్క్ పేరు మార్చుకోవడం, వీడియో దింపేటప్పుడు మాత్రమే వైఫై తెరవడం అనే మూడు పనులతో దగ్గర నుంచి జరిగే దాడి చాలావరకు ఆగుతుంది. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్ మాత్రం మార్చినా చాలదు. కెమెరాకు ఫోను తగులుకునే క్షణంలోని సంకేతాలను పట్టుకున్నవాడు, తర్వాత తీరిగ్గా కంప్యూటరు మీద పది కోట్ల అంకెల కలయికలనూ ప్రయత్నించగలడు.

ఫర్మ్‌వేర్, క్లౌడ్, కార్డు

కెమెరాను నడిపే ఫర్మ్‌వేర్‌లో లోపం బయటపడితే తయారీదారు సవరణ ఇవ్వాలి. వేర్వేరు పేర్లతో అమ్ముడయ్యే చవక కెమెరాల్లో చాలావాటి లోపల ఒకే చిప్, ఒకే ప్రోగ్రామ్ ఉంటాయి. లోపం అన్నింటికీ ఒకటే, సవరణ బాధ్యత ఎవరికీ ఉండదు. 2017లో డబ్ల్యూపీఏ2లోనే క్రాక్ అనే బలహీనత బయటపడినప్పుడు ఫోన్లకు సవరణలు వచ్చాయి కానీ, ఇలాంటి చిన్న పరికరాలను పట్టించుకున్నవారు తక్కువ.

క్లౌడ్ కెమెరాల్లో ఖాతా పాస్‌వర్డ్‌తో పాటు కంపెనీ సర్వర్ల రక్షణ కూడా లెక్కలోకి వస్తుంది. యజమాని ఎంత జాగ్రత్తపడినా ఆ రెండోది అతని చేతిలో లేదు.

వైఫై గురించి ఇంత చర్చ జరుగుతున్నా, అందరూ మరిచే మార్గం మెమరీ కార్డు. ఎక్కువ కెమెరాల్లో కార్డు మీది వీడియోకు ఎన్‌క్రిప్షన్ రక్షణ ఉండదు. సర్వీసింగుకు ఇచ్చిన కారులోంచి కార్డు తీసుకున్నవారికి పాస్‌వర్డ్‌తో పనేలేదు. చెరిపిన ఫైళ్లను కూడా తిరిగి రాబట్టే సాఫ్ట్‌వేర్ సులభంగా దొరుకుతుంది. బండి అమ్మేటప్పుడు కార్డు తీసేసుకోవాలి, కెమెరాను తొలి అమరికలకు తేవాలి, యాప్ ఖాతా నుంచి దాన్ని తొలగించాలి.

గోప్యత

యజమాని

జీపీఎస్ ఉన్న కెమెరా కార్డు చేతికొస్తే ఇల్లెక్కడ, ఏ వేళకు బయల్దేరతారు, పిల్లల బడి ఏది అన్నవి తెలిసిపోతాయి. 2020 జనవరిలో అమెరికా వార్తాసంస్థ మదర్‌బోర్డ్, బ్లాక్‌వ్యూ కెమెరాల యాప్‌లో బహిరంగ ప్రసారానికి ఒప్పుకున్న వినియోగదారుల కదలికలను రోజుల తరబడి సేకరించి, ఎవరెక్కడికి వెళ్తున్నారో గుర్తించవచ్చని చూపింది. అక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఆ సదుపాయం పనిచేసే తీరే అది.

యాప్ కోరే అనుమతులూ చూడాలి. చుట్టూ ఉన్న వైఫైలను వెతకడానికి ఆండ్రాయిడ్‌లో చాలాకాలం లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి దానికి విడి అనుమతి ఉంది. కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు అడిగే యాప్‌కు మాత్రం డ్యాష్‌క్యామ్ పనిలో సమర్థన లేదు.

ప్రయాణికులు, డ్రైవర్లు, బాటసారులు

బండిలోపలి మాటలను కెమెరా మైకు రికార్డు చేస్తుంది. దారిపొడుగునా కుటుంబ విషయాలో వ్యాపార విషయాలో మాట్లాడుకునేవారికి ఇది స్ఫురించదు. ప్రమాద నిర్ధారణకు ధ్వని అవసరమయ్యే సందర్భాలు తక్కువ కాబట్టి మైకు ఆపేయడమే మంచిది. ట్యాక్సీలో లోపలి కెమెరా ఉంటే ప్రయాణికుడికి కనిపించేలా సూచన ఉండాలి. రోజంతా కెమెరా ముందే పనిచేసే డ్రైవరు గోప్యత ఇంకా సున్నితమైనది. యజమాని ఆ వీడియోను భద్రత కోసం తీసుకుని క్రమశిక్షణకు వాడితే, కాదనే స్థితిలో అతడు ఉండడు.

2023 ఏప్రిల్‌లో రాయిటర్స్ వెలువరించిన కథనం ప్రకారం, టెస్లా ఉద్యోగులు 2019 నుంచి 2022 మధ్య వినియోగదారుల కార్ల కెమెరాలు పట్టిన ఆంతరంగిక దృశ్యాలను తమలో తాము పంచుకున్నారు. అవి విడిగా కొన్న డ్యాష్‌క్యామ్‌లు కావు, కారులో భాగమైన కెమెరాలు. ఫుటేజీ కంపెనీకి చేరే ఏ ఏర్పాటుకైనా ఈ ప్రమాదం వర్తిస్తుంది.

బాటసారుల పరిస్థితి వేరు. వారు దేనికీ ఒప్పుకోలేదు. ప్రమాదంలో చనిపోయినవారి దృశ్యాలు ముఖాలు, నంబర్లు కప్పకుండానే గంటల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం తెలుగునాట మామూలైపోయింది. బంధువులకు కబురందక ముందే వీడియో అందుతోంది. కెమెరా పెట్టుకునే హక్కుకు ఆ వీడియోను పంచే హక్కు తోకగా రాదు.

చట్టం

ఐరోపాలో నియమాలు కఠినం. నిఘా కెమెరా బహిరంగ స్థలాన్ని చూస్తుంటే దాన్ని కేవలం గృహావసరంగా పరిగణించలేమని ఐరోపా న్యాయస్థానం 2014 డిసెంబరులో రినెష్ కేసులో తీర్పిచ్చింది. జర్మనీ సమాఖ్య న్యాయస్థానం 2018 మే 15న, విరామం లేకుండా రికార్డు చేయడం సమాచార రక్షణ చట్టానికి విరుద్ధమని, అయినా ప్రమాద దావాలో ఆ వీడియోను సాక్ష్యంగా స్వీకరించవచ్చని చెప్పింది. కుదుపు వచ్చినప్పుడే కొద్ది నిడివి నిలిపి ఉంచే కెమెరాలకు ఆ తీర్పు ప్రాధాన్యం తెచ్చింది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌తో కలిసే వినియోగ పరికరాలను అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్‌తో అమ్మడాన్ని నిషేధించింది.

భారత్‌లో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వ్యక్తి తన సొంత లేదా గృహావసరానికి వాడే సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. సొంత కారులోని కెమెరాకు ఈ మినహాయింపు వర్తిస్తుందని చెప్పవచ్చు. ట్యాక్సీ సంస్థలకు, సరుకు రవాణా కంపెనీలకు వర్తించదు. ఆ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అనుమతి లేకుండా ఒకరి కెమెరాలోకి చొరబడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం నేరం. వ్యక్తి ఆంతరంగిక అవయవాలను అతని సమ్మతి లేకుండా చిత్రీకరించడం, ప్రచారం చేయడం అదే చట్టంలోని 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడే నేరం.

సాక్ష్య విలువ

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్, పాత చట్టంలోని 65బీ స్థానంలో వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టుకు ఇవ్వాలంటే నిర్ణీత ధ్రువపత్రం ఉండాలి. అందులో ఒక భాగాన్ని రికార్డు సమర్పించేవారు, రెండో భాగాన్ని నిపుణుడు పూరించాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే ఈ అంకెల, అక్షరాల వరుస, ఒక్క బిట్ మారినా మారిపోతుంది. ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో పాత చట్టం కిందనే స్థిరపరిచింది. అసలు పరికరాన్నే కోర్టు ముందుంచితే దాని అవసరం లేదని కూడా చెప్పింది.

అందుకే ప్రమాదం జరిగాక చేయవలసిన మొదటి పని కెమెరా ఆపి కార్డు తీసి భద్రపరచడం. లూప్ రికార్డింగ్ ఆ ఫైలును చెరిపేసే అవకాశం దాంతో పోతుంది. వైఫైతో ఫోనులోకి దింపిన నకలు తక్షణం చూపించడానికి ఉపయోగపడుతుంది. వాట్సాప్‌లో కుదించిన రూపానికి హ్యాష్ విలువ అసలుతో సరిపోలదు. కెమెరా గడియారం తప్పుగా ఉంటే వీడియో మీది తేదీ, సమయం ఎదుటి పక్షానికి ప్రశ్నగా దొరుకుతాయి. జీపీఎస్ ఉన్నవి సమయాన్ని తామే సరిదిద్దుకుంటాయి, లేనివాటిలో నెలకోసారి చూసుకోవాలి. ముఖాలు కప్పిన ప్రతిని బయటివారికి ఇచ్చినా, మార్పులు చేయని అసలు ఫైలును కార్డుతో సహా పోలీసులకు గాని, కోర్టుకు గాని అప్పగించేదాకా విడిగా ఉంచాలి.